మాబ్స్ పేరిట ఏటేటా ఒక ఆట



యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకోవడానికి లోకంలో రకరకాల పద్ధతులున్నాయి. శిలాఫలకం వేస్తారు, స్తూపం కడతారు, ఏడాదికోసారి పూలమాల పెట్టి బ్యూగిల్ ఊదుతారు. ఇంగ్లండులో నార్తాంప్టన్ అనే ఊరివాళ్లు ఇవన్నీ చేశారు. చేసి ఊరుకోలేదు. చనిపోయిన మనిషి పేరు మీద రగ్బీ ఆడటం మొదలుపెట్టారు. 1921లో మొదలైన ఆ ఆట వందేళ్లు దాటినా సాగుతూ వచ్చింది. టికెట్లు అమ్ముతారు, వచ్చిన డబ్బు మంచి పనులకు ఇస్తారు. ఆ మనిషి ఎడ్గార్ మాబ్స్. ఆటకు మాబ్స్ మెమోరియల్ మ్యాచ్ అని పేరు. ఈ పూట ఆ మనిషి గురించీ, ఆ ఆట గురించీ, యుద్ధం నుంచి బతికొచ్చినవాళ్లకు ఒక ఆట చేయగలిగిన మేలు గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

నార్తాంప్టన్ బూట్లు కుట్టేవాళ్ల ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలు తొడుక్కున్న బూట్లలో లెక్కలేనన్ని జతలు ఆ ఊళ్లో, ఆ చుట్టుపక్కల కార్ఖానాల్లో తయారైనవే. రగ్బీ అంటే ఆ ఊరికి ప్రాణం. 1880లో సెయింట్ జేమ్స్ చర్చిలో పనిచేసే ఒక యువ ఫాదరీ, పేటలో అల్లరిగా తిరిగే కుర్రాళ్లను దారిలో పెడదామని ఒక జట్టు కట్టాడు. అదే నేటి నార్తాంప్టన్ సెయింట్స్. వాళ్ల మైదానం పేరు ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్. పేరు విని పూలతోట అనుకునేరు, అక్కడ పండేది ఎక్కువగా బురదే.

మన దగ్గర రగ్బీ చూసినవాళ్లు తక్కువ. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు హైదరాబాద్ హీరోస్ అని మన పేరుతో ఒక జట్టు దిగింది కాబట్టి కుర్రకారుకు కొంత పరిచయం. అది ఏడుగురి ఆట. నేను చెబుతున్నది పదిహేను మంది ఆట, ఎనభై నిమిషాలు సాగుతుంది. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తొచ్చు, కాలితో తన్నొచ్చు. చేత్తో అందించాలంటే మాత్రం పక్కకో వెనక్కో విసరాలి, ముందుకు విసిరితే తప్పు. ఎదుటివాళ్లు నడుం పట్టుకుని కింద పడేస్తారు. కూత తీసేసి, బంతి ఒకటి చేర్చి, వానలో ఆడించిన కబడ్డీ అనుకోండి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. ఇప్పుడు దానికి అయిదు పాయింట్లు, మాబ్స్ కాలంలో మూడే.

ఎడ్గార్ మాబ్స్ 1882లో పుట్టాడు. బెడ్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు, మోటారు కార్ల అమ్మకం వృత్తి. ఆరడుగులు దాటిన మనిషి. వింగ్‌లో, అంటే మైదానం అంచు వెంబడి పరిగెత్తే చోట ఆడేవాడు. అడ్డొచ్చినవాణ్ణి అరచేత్తో ఒక్క తోపు తోసి దూసుకుపోవడం అతని ప్రత్యేకత. 1907 నుంచి 1913 దాకా సెయింట్స్ కెప్టెన్. ఇంగ్లండు తరఫున ఏడు అంతర్జాతీయ ఆటలు ఆడాడు. 1909లో ఆస్ట్రేలియా మీద తొలిసారి దిగిన ఆటలో ఇంగ్లండు ఓడిపోయింది కానీ, ఆ రోజు ఇంగ్లండుకు వచ్చిన ఒక్క ట్రై అతనిదే. 1913లో ఆట మానేశాడు. మామూలుగా అయితే అతని కథ అక్కడితో ముగియాలి. కొంచెం పొట్ట పెరిగి, కార్లు అమ్ముకుంటూ, ఆదివారం పూట పాత ఆటలు నెమరేసుకుంటూ గడపాల్సినవాడు.

1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. పది రోజులు తిరక్కముందే ఇంగ్లండు రగ్బీ యూనియన్ క్లబ్బులన్నిటికీ ఉత్తరం రాసింది, ఆటగాళ్లందరూ సైన్యంలో చేరండి అని. ఫుట్‌బాల్ లీగు మాత్రం 1915 ఏప్రిల్ దాకా నడిచింది. అందుకు పత్రికలు దాన్ని దుమ్మెత్తిపోశాయి, రగ్బీవాళ్లను చూసి బుద్ధి తెచ్చుకోండని దెప్పిపొడిచాయి. ఇందులో ఒక కిటుకు ఉంది. ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు అది కూడు. రగ్బీ ఆడేవాళ్లకు సరదా. కూడు పెట్టే పని మానడం కష్టం, సరదా మానడం సులువు. దేశభక్తి లెక్క తీసేటప్పుడు ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు.

మాబ్స్ ఆఫీసరుగా తీసుకోమని దరఖాస్తు పెట్టుకున్నాడు. వయసు ముప్పై రెండు, నీకు వయసు మీరిందన్నారు. అతను వెళ్లి మామూలు సిపాయిగా పేరు రాయించుకున్నాడు. ఒక్కడే పోలేదు. తన పేరూ పలుకుబడీ వాడి, తోటి ఆటగాళ్లనూ ఆట అభిమానులనూ కూడగట్టి, సుమారు రెండు వందల యాభై మందితో ఒక దళమే తయారుచేశాడు. వాళ్లను జనం మాబ్స్ ఓన్, అంటే మాబ్స్ మనుషులు అని పిలిచారు. నార్తాంప్టన్‌షైర్ రెజిమెంటు ఏడో బెటాలియన్‌లో వాళ్లు చేరారు. వాళ్లలో యుద్ధం చివరికి మిగిలింది ఎనభై అయిదుగురేనని ఆ ఊళ్లో చెప్పుకుంటారు.

ఇక్కడ నాకు మనసు ఒప్పదు. ఈ కథ చెప్పే ప్రతివాళ్లూ రెండు వందల యాభై మంది వెంట నడిచారన్న చోట గొంతు పెంచుతారు. నిజమే, నాయకుడంటే అలాగే ఉండాలి. కానీ అతను ఆడేటప్పుడు గీత పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లు, ఆ చప్పట్ల మీద నమ్మకంతోనే తుపాకీ పట్టారు. ఆట మీద అభిమానాన్ని సైన్యంలోకి అంత తేలిగ్గా మళ్లించవచ్చని 1914లో అందరికీ తెలిసొచ్చింది. రగ్బీ ఆటగాళ్లు తమ ధర్మం నెరవేరుస్తున్నారు, మరి మీరో, అన్న ధోరణిలో పోస్టర్లు కూడా గోడలకెక్కాయి. ఇప్పుడు జరిగే స్మారక క్రీడల్లో సైనిక వాద్యాలూ, జెండాలూ, పరేడ్లూ మితిమీరినప్పుడు నాకు ఆ పోస్టర్లే గుర్తొస్తాయి. పోయినవాళ్లను తలుచుకోవడం ఒక పని, కొత్తవాళ్లను పిలవడం ఇంకో పని. రెండూ ఒకే మైక్‌లోంచి రాకూడదు.

మాబ్స్ మనుషులు 1915 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరారు. చేరీ చేరగానే లూస్ దగ్గర యుద్ధంలోకి తోశారు. మాబ్స్ ఒక్కో మెట్టే ఎక్కి లెఫ్టినెంట్ కర్నల్ అయ్యాడు, బెటాలియన్ మొత్తానికీ అధిపతి అయ్యాడు. డీఎస్ఓ పతకం వచ్చింది. గాయపడ్డాడు, మళ్లీ వెళ్లాడు. దాడికి లేచేటప్పుడు రగ్బీ బంతిని ముందుకు తన్ని దాని వెంట పరిగెత్తేవాడని ఒక కథ ఉంది. అది జరిగిందో, జనం అతనికి కట్టిన కథో తేల్చే అవసరం నాకు కనిపించదు. అలాంటి కథలు ఆటగాళ్లకే పుడతాయి.

1917 జూలై 31. బెల్జియంలో ఈప్ర్ పట్టణం దగ్గర, పాషెన్‌డేల్ అని పేరుపడ్డ మహాయుద్ధం మొదలైన రోజు. జిల్లెబెక్ గ్రామం దగ్గర ఒక జర్మన్ మెషిన్ గన్ అతని మనుషుల్ని కోస్తోంది. కర్నల్ స్థాయి మనిషి వెనక స్థావరంలో ఉండి ఆజ్ఞలు పంపాలి. ఇతను తనే ముందుకు వెళ్లాడు. మెడలో గుండు తగిలింది. ఒక గుంటలో పడిపోయి కూడా, ఆ మెషిన్ గన్ ఎక్కడుందో గుర్తులు కాగితం మీద గీకి, సాయం కావాలని వెనక్కి పంపి, ఆ గుంటలోనే ప్రాణం వదిలాడు. శవం దొరకలేదు.

శవం దొరకనివాళ్ల కోసం ఈప్ర్‌లో మెనిన్ గేట్ కట్టారు, 1927లో ప్రారంభించారు. యాభై నాలుగు వేలకు పైగా పేర్లు దాని గోడల మీద చెక్కి ఉన్నాయి. మాబ్స్ పేరు అక్కడుంది. 1928 నుంచి అక్కడ రోజూ రాత్రి ఎనిమిది గంటలకు బ్యూగిల్ ఊదుతారు. రెండో యుద్ధంలో జర్మన్లు ఆ ఊరిని పట్టుకున్న నాలుగేళ్లే ఆగింది. అదే గేటు మీద నాలుగు వందల మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు కూడా ఉన్నాయి. 1914 అక్టోబరులో, బ్రిటన్ కొత్తగా చేర్చుకున్న తన కుర్రాళ్లు ఇంకా కవాతు నేర్చుకుంటున్నప్పుడు, ఈప్ర్ కందకాలను కాచినవాళ్లలో మన దేశపు సిపాయిలున్నారు. ఎండ దేశపు బట్టలతో ఆ చలిలోకి దిగారు. అక్కడికి దగ్గర్లోనే హోల్‌బెక్ అనే చోట ఖుదాదాద్ ఖాన్ విక్టోరియా క్రాస్ సంపాదించాడు, భారత సైన్యంలోని దేశీయ సైనికుల్లో ఆ పతకం అందుకున్న మొదటివాడు. మెనిన్ గేట్ పక్కన కోట గోడ మీద ఇప్పుడు మన నాలుగు సింహాలతో ఒక భారతీయ స్మారకం కూడా నిలబెట్టారు. వాళ్ల పేరిట మ్యాచ్ ఆడేవాళ్లెవరూ లేరు. అది వాళ్ల తప్పు కాదు, మాబ్స్ తప్పూ కాదు.

అదే పాషెన్‌డేల్ మాబ్స్ తర్వాత రెండు నెలలకు ఇంకో మహా ఆటగాణ్ణి మింగింది. న్యూజీలాండ్ ఆల్ బ్లాక్స్ 1905లో తొలిసారి బ్రిటన్ వచ్చి దాదాపు అందర్నీ ఓడించి వెళ్లినప్పటి కెప్టెన్, డేవ్ గలహర్. నలభై దాటిన మనిషి. పోవాల్సిన పనిలేదు. 1917 అక్టోబరు 4న పోయాడు. బోయర్ యుద్ధంలో చేరేటప్పుడు వయసు తక్కువ చేసి చెప్పిన అలవాటు చివరిదాకా వదల్లేదు, సమాధి రాయి మీద కూడా తప్పు వయసే ఉంది. ఇప్పుడు ఫ్రాన్సూ న్యూజీలాండూ ఆడే పోటీల్లో అతని పేరు మీద ఒక ట్రోఫీ ఉంది.

ఎంతమంది పోయారో ఒక్క ఆటను చూస్తే తెలుస్తుంది. 1914 మార్చిలో ఎడిన్‌బరోలో స్కాట్లండూ ఇంగ్లండూ కలకత్తా కప్పు కోసం ఆడాయి. ఇంగ్లండు 16–15తో గెలిచింది. ఆ రోజు మైదానంలో ఉన్న ముప్పై మందిలో పదకొండు మంది యుద్ధంలో చనిపోయారు. ఇంగ్లండు కెప్టెన్ రోనాల్డ్ పౌల్టన్ పామర్ బిస్కెట్ల కంపెనీ వారసుడు, ఆ తరంలో అందరికన్నా అందంగా ఆడేవాడని పేరు. 1915 మే నెలలో పొంచి ఉన్న ఒక తుపాకీగాడి గుండుకు పోయాడు.

కలకత్తా కప్పు అన్నాను కదా, ఆ పేరెలా వచ్చిందో చెప్పకుండా ముందుకు పోలేను. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో తెల్లవాళ్లు రగ్బీ ఆడారు, మరుసటేడు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. మొదట్లో సభ్యులు బాగానే చేరారు, మందు ఉచితం కాబట్టి. అది ఆపేసేసరికి జనం పల్చబడ్డారు. ఊళ్లో ఉన్న బ్రిటిష్ పటాలం వెళ్లిపోయింది, ఆ ఎండలో రగ్బీ కన్నా పోలో, టెన్నిస్ నయమనిపించింది. 1878లో క్లబ్బు మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయలుగా తీసి, కరిగించి కప్పు చేయించారు. మూడు నాగుపాములు పిడులు, మూత మీద ఏనుగు. దాన్ని లండన్ పంపి, దీని మీద ఏటా ఆడుకోండన్నారు. 1879 నుంచి ఇంగ్లండూ స్కాట్లండూ దాని కోసమే కొట్టుకుంటున్నాయి. అంటే ఆ 1914 ఆటలో గెలిచినవాళ్లకు దక్కింది మన దేశపు రూపాయల వెండి. రగ్బీలో మన భాగం అదొక్కటేనా అంటే, చాలాకాలం దాదాపు అదొక్కటే.

ఇక మాబ్స్ పేరిట ఆట సంగతి. యుద్ధం ముగిశాక నార్తాంప్టన్‌లో చందాలు వేసుకుని అతనికి స్మారక స్తంభం కట్టారు. 1921 జూలైలో మార్కెట్ మైదానంలో ఆవిష్కరించారు. కంచు పలకల మీద ఒక పక్క రగ్బీ ఆట, ఇంకో పక్క కందకాల్లో యుద్ధం పోత పోశారు. తర్వాత దాన్ని వేరే చోటికి మార్చారు. ఊళ్లో స్తంభాలకు అది మామూలే. బజారుకు అడ్డమొస్తే జరుగుతాయి. కానీ స్తంభం నిలబడకముందే, ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్‌లో మొదటి మాబ్స్ మ్యాచ్ అయిపోయింది.

ఆడింది ఈస్ట్ మిడ్‌లాండ్స్ జట్టు, బార్బేరియన్స్ జట్టు. ఈ బార్బేరియన్స్ గురించి కాస్త చెప్పాలి. 1890లో పుట్టిన క్లబ్బు. సొంత మైదానం లేదు, సొంత భవనం లేదు. ఆడటానికి పిలుపు వస్తేనే సభ్యుడు. నలుపు తెలుపు చారల చొక్కా అందరికీ ఒకటే, మేజోళ్లు మాత్రం ఎవరి క్లబ్బువి వాళ్లవే. గెలుపు కన్నా బంతిని చేతులు మార్చుతూ ధైర్యంగా ఆడటం ముఖ్యమనేవాళ్లు. మాబ్స్ కూడా బార్బేరియన్స్ తరఫున ఆడినవాడే. అందుకే చనిపోయిన స్నేహితుడి ఊరికి ఏడాదికోసారి రావడం వాళ్లకు ఒక ఆచారమైపోయింది. రెండో యుద్ధం వచ్చినప్పుడు ఆగింది, అయ్యాక మళ్లీ మొదలైంది. చలికాలం చివర్లో, పని రోజు మధ్యాహ్నం, బూట్ల కార్ఖానాల ఊళ్లో జనం వచ్చి నిలబడేవారు. రేపటి అంతర్జాతీయ ఆటగాళ్లు ఎవరో ముందుగా చూసే అవకాశం కూడా అది. స్మరణ కోసమే వచ్చారని నేను అనను. మంచి ఆట కోసం వచ్చారు. స్మరణకు వచ్చినా ఆటకు వచ్చినా టికెట్ డబ్బు మాత్రం ఒకటే.

1995లో రగ్బీ యూనియన్ ఆట డబ్బు ఆట అయింది. ఆటగాళ్లకు జీతాలు, ఒప్పందాలు వచ్చాయి. జీతమిచ్చే క్లబ్బు తన ఆటగాణ్ణి పరోపకారం ఆటకు ఎందుకు పంపుతుంది? మోకాలు విరిగితే నష్టం ఎవరిది? పిలిస్తే వచ్చేవాళ్లు తగ్గారు, వచ్చినవాళ్లలో పేరున్నవాళ్లు తగ్గారు. 2011 ఆటతో బార్బేరియన్స్ తప్పుకున్నారు. తొంభై ఏళ్ల అలవాటు అక్కడితో ఆగిపోవాలి. చాలా స్మారక క్రీడలు అలాగే ఆగిపోయాయి కూడా.

ఆగలేదు. బ్రిటిష్ ఆర్మీ జట్టు ముందుకొచ్చింది. 2012 నుంచి ఒక ఏడు ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్‌లో సెయింట్స్‌తో, ఇంకో ఏడు మాబ్స్ చదువుకున్న బెడ్‌ఫర్డ్‌లో, గోల్డింగ్టన్ రోడ్ మైదానంలో బెడ్‌ఫర్డ్ బ్లూస్‌తో ఆర్మీ ఆడేలా ఏర్పాటు చేశారు. నన్నడిగితే ఈ మార్పు వల్ల ఆటకు పరువు పెరిగింది. అంతకుముందు సైనికుణ్ణి తలుచుకుంటూ పేరున్న ఆటగాళ్లు ఆడేవారు. ఇప్పుడు సైనికులే ఆడుతున్నారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల కాలంలో సైన్యంలో ఉన్నవాళ్లు, వాళ్ల తర్వాత చేరినవాళ్లు ఆ చొక్కా తొడిగారు. ఆర్మీ రగ్బీలో ఫిజీ దీవుల నుంచి వచ్చి బ్రిటిష్ సైన్యంలో చేరిన కుర్రాళ్లు చాలామంది కనిపిస్తారు. వేల మైళ్ల అవతలి నుంచి వచ్చి ఆ జెండా కింద పనిచేయడం 1914లో మన సిపాయిలతో ఆగిపోలేదన్నమాట. వచ్చిన డబ్బు ఆ ప్రాంతపు పిల్లల రగ్బీకీ, ధర్మ సంస్థలకీ వెళ్తుంది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల సంగతి చూద్దాం. చచ్చినవాళ్లకు రాయి చాలు, బతికొచ్చినవాళ్లకు చాలదు. మొదటి యుద్ధం తర్వాత బ్రిటన్ వీధుల్లో కాలో చెయ్యో పోయినవాళ్లు అగ్గిపెట్టెలు అమ్ముకునేవారు. 1921లో, అంటే మాబ్స్ మ్యాచ్ మొదలైన ఏడే, మాజీ సైనికుల కోసం బ్రిటిష్ లీజియన్ అనే సంస్థ పుట్టింది. నవంబరులో గుండీ దగ్గర ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకోవడం అప్పుడే మొదలైంది. మొదటి ఏడు ఆ గుడ్డ పూలు ఫ్రాన్సు నుంచి వచ్చాయి. మరుసటేడు జార్జ్ హౌసన్ అనే సైనికాధికారి లండన్‌లో ఒక చిన్న కార్ఖానా పెట్టి, అంగవైకల్యం వచ్చిన మాజీ సైనికులకే ఆ పని అప్పగించాడు. ఒక చెయ్యి పనిచేయనివాడు కూడా కూర్చి పెట్టగలిగేలా పువ్వు నమూనా తయారుచేశారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి గసగసాల పువ్వు మీద నాకు గౌరవం పెరిగింది. గుర్తు చేసుకునేవాడికి అది చిహ్నం, చేసేవాడికి రోజు కూలి.

ఆ కార్ఖానా తర్వాత రిచ్‌మండ్‌కు మారింది. అదే ఊళ్లో, థేమ్స్ నదికి ఎగువన గుట్ట మీద, 1916లోనే యుద్ధంలో కాళ్లూ నడుమూ దెబ్బతిన్న కుర్రాళ్ల కోసం స్టార్ అండ్ గార్టర్ అనే ఆశ్రమం తెరిచారు. ఇంగ్లండు రగ్బీకి పుట్టినిల్లు లాంటి ట్వికెన్‌హామ్ స్టేడియం అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ స్టేడియంలోనే 1907 నాటి నుంచి ఉన్న ఆర్మీ–నేవీ రగ్బీ పోటీ ఏటా పెద్ద తిరునాళ్లలా జరుగుతూ వచ్చింది.

మన కాలానికి వస్తే, 2007లో హెల్ప్ ఫర్ హీరోస్ అనే సంస్థ మొదలైంది. అఫ్ఘానిస్తాన్‌లో మందుపాతరల మీద కాలు వేసి, వెనకటి యుద్ధాల్లో అయితే తప్పకుండా చనిపోవాల్సినవాళ్లు, వైద్యం మెరుగైనందువల్ల రెండు కాళ్లూ లేకుండా బతికి వస్తున్న రోజులవి. మరుసటేడు సెప్టెంబరులో ఆ సంస్థ కోసం ట్వికెన్‌హామ్‌లో ఒక పెద్ద ఆట పెట్టారు. ఆట మానేసిన మేటి అంతర్జాతీయ ఆటగాళ్లూ, సైన్యంలో పనిచేస్తున్నవాళ్లూ కలిసి దిగారు. 2011లో ఉత్తరార్ధగోళం, దక్షిణార్ధగోళం అని జట్లు కట్టి మళ్లీ ఆడారు. కృత్రిమ అవయవాలు, మళ్లీ నడక నేర్పే శిబిరాలు, రాత్రుళ్లు నిద్రపట్టని మనసుకు వైద్యం, కొత్త ఉద్యోగానికి శిక్షణ, ఇలాంటివాటికి డబ్బు కావాలి. ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి కదా, జనం టికెట్లు కొని ఎందుకు చేయాలి అని అక్కడ గట్టిగా అడిగినవాళ్లున్నారు. వాళ్లది న్యాయమైన ప్రశ్న. యుద్ధానికి పంపడానికి చందాలు అడగని ప్రభుత్వం, తిరిగొచ్చినవాణ్ణి చూసుకోవడానికి చందా డబ్బా మీద ఆధారపడటం నాకూ మింగుడుపడదు. అయితే ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా కాలు లేని మనిషిని ఆగమనలేం.

ఇదంతా చూసి, గాయపడ్డవాళ్లు గీత పక్కన కూర్చుని దయను అందుకునేవాళ్లే అనుకోవద్దు. వీల్‌చైర్ రగ్బీ అని ఒక ఆట ఉంది. 1970లలో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టింది. మెడ దగ్గర వెన్ను దెబ్బతిని, కాళ్లతో పాటు చేతుల్లోనూ బలం పోయినవాళ్లు, బాస్కెట్‌బాల్ వీల్‌చైర్ ఆట తమకు కుదరక సొంతంగా కనిపెట్టుకున్నది. జట్టుకు నలుగురు, ఆడా మగా కలిసి ఆడొచ్చు. బండిని బండితో గుద్దొచ్చు, గుద్దాలి కూడా. మొదట్లో దాన్ని మర్డర్‌బాల్ అనేవారు, పేరు చూసి డబ్బిచ్చేవాళ్లు జడుసుకున్నారేమో, మార్చారు. గాయపడిన సైనికుల కోసం 2014లో లండన్‌లో మొదలైన ఇన్విక్టస్ క్రీడల్లో జనం ఎగబడి చూసే ఆట ఇదే. రాయల్ ఎయిర్ ఫోర్స్ రెజిమెంటుకు చెందిన స్టువర్ట్ రాబిన్సన్ 2013లో అఫ్ఘానిస్తాన్‌లో మందుపాతర పేలి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. ఇన్విక్టస్‌లో ఆడాడు. 2021లో టోక్యోలో జరిగిన పారాలింపిక్స్ ఫైనల్లో అమెరికాను ఓడించి బ్రిటన్ బంగారు పతకం గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. వీల్‌చైర్ రగ్బీలో యూరప్ దేశానికి వచ్చిన మొదటి పారాలింపిక్ బంగారం అది.

ఇంతకీ మాబ్స్ మ్యాచ్ వందేళ్లు ఎలా నిలిచింది? ఈ ప్రశ్న నాకు మన ఊళ్లను చూస్తే వచ్చింది. పోయినవాళ్ల పేరిట ఆట పెట్టడం మనకు కొత్తేమీ కాదు. సంక్రాంతి వచ్చిందంటే ఏ ఊరి మొగలో చూసినా ఫ్లెక్సీ కనిపిస్తుంది, ఫలానావారి స్మారక కబడ్డీ పోటీలు, ఫలానావారి జ్ఞాపకార్థం వాలీబాల్ టోర్నమెంటు, ఎడ్ల బండలాగుడు పందేలు. పైన ఫొటో, కింద దాతల ఫొటోలు. కొన్నిచోట్ల పోయినాయన ఫొటో కన్నా దాతలవే పెద్దవి. మొదటి ఏడు ఊరంతా వస్తుంది. మూడో ఏడుకో నాలుగో ఏడుకో, పెట్టిన కొడుకు హైదరాబాదో డల్లాసో వెళ్లిపోతాడు, పోటీలు ఆగిపోతాయి. ప్రేమ లేక ఆగలేదు. ఆ పోటీ జరక్కపోతే ఇబ్బంది పడేవాళ్లు ఎవరూ లేరు, అందుకని ఆగింది. నార్తాంప్టన్‌లో ఒక కమిటీ ఉంది, దానికి లెక్కలున్నాయి, ఈ ఏడాది డబ్బు ఎవరికి ఇస్తామని ముందే మాట ఇచ్చి ఉంటారు. బార్బేరియన్స్ రాలేమన్నప్పుడు ఇంకో జట్టును వెతుక్కోక తప్పలేదు, ఎందుకంటే అవతల ఎదురుచూసేవాళ్లున్నారు. మాబ్స్ మీద అభిమానం ఆటను మొదలుపెట్టింది. నిలబెట్టింది మాత్రం ఆ ఇచ్చిన మాటే అనుకుంటాను.

మనకూ సైనికులను తలుచుకునే చోట్లు ఉన్నాయి. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి, మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాద్ సంస్థానపు అశ్విక దళానిది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం ఉంది. విశాఖ బీచి రోడ్డులో 1971 యుద్ధపు స్మారకం ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. తరతరాలుగా కొడుకుల్ని సైన్యానికి పంపుతున్నందుకు మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడిపోయింది, ఊళ్లో స్మారకమూ కట్టుకున్నారు. ఇక డిసెంబరు 7 ఉంది, సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుపుకుంటున్నాం. బళ్లో పిల్లల చొక్కాలకు చిన్న కాగితపు జెండా గుచ్చి డబ్బు తీసుకుంటారు. అది యుద్ధ వితంతువులకూ, గాయపడ్డ సైనికులకూ, మాజీ సైనికుల కుటుంబాలకూ వెళ్తుందని పిల్లలకు విడమరచి చెప్పే మాస్టార్లు ఎంతమంది ఉంటారో మరి. నా చిన్నప్పుడు మాత్రం అది ఫీజు అనుకునేవాళ్లం.

కాబట్టి శ్రోతల్లో ఎవరైనా వచ్చే సంక్రాంతికి, సరిహద్దులో పోయిన తమ ఊరి జవాను పేరున పోటీలు పెట్టాలనుకుంటూ ఉంటే, ఒక చిన్న మనవి. కప్పు కొనకముందే, షామియానా మాట్లాడకముందే, ప్రవేశ రుసుమూ చందాలూ ఎవరికి చేరాలో కాగితం మీద రాసుకోండి. ఆ జవాను పిల్లల చదువుకా, పతాక దిన నిధికా, పక్క ఊళ్లో కర్రల మీద నడిచే మాజీ సైనికుడికా అన్నది మీ ఇష్టం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడిగితే అవసరంలో ఉన్నవాళ్లెవరో తెలుస్తుంది. ఆ తర్వాత ఆట ఏదైనా పెట్టండి. రగ్బీయే కానక్కర్లేదు, మన కబడ్డీ చాలు.